బడి గంట కొడితే మావాడు బయటికి పరిగెత్తుతున్నాడు, బడి మాన్పించమంటున్నారు

కావలి అమ్మ

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. మావాడికి ఆరేళ్ళు నిండాయి, ఒకటో తరగతి. మాటలు మూడున్నరేళ్ళకు గానీ రాలేదు. ఇప్పుడు మాట్లాడతాడు, కాకపోతే రైళ్ళ గురించే. ఏ బండి ఎన్నింటికి వస్తుంది, ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుంది, అడిగినా అడక్కపోయినా అదే.

బడిలో గంట అంటే చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఇనప కడ్డీతో కొడతారు. అది మోగగానే మావాడు రెండు చెవులూ మూసుకుని గేటు వైపు పరుగు. పోయిన మంగళవారం రోడ్డెక్కేశాడు. ఆటో ఆయన ఆపి ఎత్తుకొచ్చాడు కాబట్టి సరిపోయింది. సాయంత్రం నన్ను పిలిపించి, "ఏదన్నా జరిగితే మా మెడకు చుట్టుకుంటుందమ్మా, ఏదైనా స్పెషల్ స్కూల్లో వేసుకోండి" అన్నారు.

ఇంట్లోనూ ఇంతే. మిక్సీ వేస్తే పెరట్లోకి పోతాడు. చొక్కా కాలరు నములుతూనే ఉంటాడు, ఇంటికొచ్చేసరికి రెండో గుండీ దాకా తడిసిపోయి ఉంటుంది. అన్నంలో పప్పు కలిపితే ముట్టడు, పక్కన విడిగా పెట్టాలి, ఒకటి ఇంకోదానికి తగలకూడదు. చేపల పులుసు కాగుతుంటే వాంతి చేసుకుంటాడు. మా అత్తయ్య "మొండి. రెండు తగిలిస్తే దారికొస్తాడు" అంటుంది. మా ఆయన రొయ్యల చెరువు మీద ఉంటారు, వారానికోసారి వస్తారు. మంగళవారం రాత్రి నేనూ కొట్టాను. వాడు ఏడవలేదు. గోడవైపు తిరిగి "రెండో నంబరు ప్లాట్‌ఫారం, రెండో నంబరు ప్లాట్‌ఫారం" అని నిద్రపోయేదాకా అంటూనే ఉన్నాడు. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

బడి మాన్పించాలా? ఎవరికన్నా ఇట్లాంటి పిలకాయలు ఉంటే చెప్పండి.

పెన్నా ఒడ్డు

మాన్పించొద్దమ్మా. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతావి రాస్తాను.

నాకు పంతొమ్మిదేళ్ళ కొడుకు ఉన్నాడు, ఆటిజం. అంటే మాట్లాడటం, మనుషులతో కలవడం వేరుగా ఉండే ఎదుగుదల తేడా. మేం నెల్లూరులోనే ఉంటాం. మీరు రాసిన ప్లేటు సంగతి చదువుతుంటే మా ఇంటి వంటగదిలోకి వచ్చి చూసి రాశారా అనిపించింది. మావాడికి ఇప్పటికీ గళ్ళు గళ్ళున్న స్టీలు ప్లేటులోనే పెడతాను.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గానీ నిధులు గానీ ఉన్న బడి ఏదీ పిల్లవాడికి లోపం ఉందన్న కారణంతో చేర్చుకోను అనకూడదు. అందరితో కలిపి చదివించాలి, వాడికి కావలసిన సర్దుబాటు చేయాలి. ఆ చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, ఆటిజం అందులో ఒకటి. మీ వాడికి అదే అని నేను చెప్పడం లేదు, అది చూసేవాళ్ళు చూసి చెప్పాలి. కానీ ఒక్క జాగ్రత్త. టీసీ కావాలని మీరే అడిగినట్టు రాసిచ్చే కాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దు. మా విషయంలో ఒక ప్రైవేటు బడి వాళ్ళు మాతో ఆ సంతకమే పెట్టించుకున్నారు. "మీ మంచికే" అన్నారు, నమ్మాము. ఏడాదిన్నర వాడు ఇంట్లో కూర్చున్నాడు.

ఇంకో సంగతి. మాటలు ఆలస్యమైనప్పుడు మా ఇంట్లో రెండేళ్ళు వస అరగదీసి నాకించారు. మగపిల్లలకు మాటలు నిదానంగానే వస్తాయన్నారు. వాళ్ళ చిన్నమామ అయిదేళ్ళకు మాట్లాడాడన్నారు. ఆ రెండేళ్ళూ థెరపీ అందాల్సిన రెండేళ్ళని నాకు తర్వాత తెలిసింది. మీ వాడికి ఆరే. పరిగెత్తి చేసుకోవాల్సిన పని ఉంది, చేతులెత్తేయాల్సిన వయసు కాదు.

కనిగిరి నాన్న

చెల్లెమ్మా, కొట్టాను అని రాశారు చూడండి, అక్కడ ఆగిపోయాను. నేను నా కొడుకుని రెండేళ్ళపాటు కొట్టాను. వాడికిప్పుడు పదకొండు. ఒంగోలులో డాక్టరు చూసి ఏడీహెచ్‌డీ అన్నారు, అంటే ధ్యాస, నిలకడ కుదరకపోవడం. అంతకుముందు నా లెక్కలో వాడు పెంకి వెధవ. పుస్తకం తెరిస్తే అయిదు నిమిషాలు కూర్చోడు, వాటర్ బాటిల్ వారానికోటి పోగొడతాడు, ఇంకొకరు మాట్లాడుతుంటే మధ్యలో దూరిపోతాడు. డాక్టరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "ఇంట్లోనూ ఇంతేనా, బడిలోనూ ఇంతేనా?" రెండుచోట్లా ఉండాలట, పన్నెండేళ్ళ లోపే మొదలై ఉండాలట, ఆరు నెలలైనా సాగి ఉండాలట. ఒక్క బడిలోనే గొడవ అయితే ముందు ఆ బడిలో ఏం జరుగుతోందో చూడమన్నారు.

మందు వాడుతున్నాం. ఇక్కడ చాలామందికి మందంటే భయం కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆరేళ్ళలోపు పిల్లలకైతే తల్లిదండ్రులకు నేర్పించడమే ముందు చేస్తారు, మందు తర్వాతి మాట. మావాడికి తొమ్మిదో ఏట మొదలుపెట్టారు. మిథైల్‌ఫెనిడేట్ అంటారు. చీటీ లేకుండా ఇవ్వరు, మా ఊరి షాపులో దొరకదు, ఒంగోలు పోవాల్సిందే. మధ్యాహ్నం ఆకలి మందగిస్తుంది. అందుకని పొద్దున్నే టిఫిన్ కడుపునిండా పెట్టి అప్పుడు బిళ్ళ వేస్తాం. మళ్ళీ రాత్రి ఎనిమిదికి బాగా తింటాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా బరువు, ఎత్తు, బీపీ చూస్తారు. బిళ్ళ వేసుకున్న మొదటి వారం వాడు నా దగ్గరికి వచ్చి "నాన్నా, టీచర్ చెప్పేది చివరిదాకా వినపడింది" అన్నాడు. నేను బయటికి వెళ్ళి బండి మీద కూర్చుండిపోయాను.

మీ వాడిది మా వాడిది ఒకటి కాకపోవచ్చు. కానీ మొండితనం అనే మాట మాత్రం ఇంట్లోంచి తీసేయండి.

గూడూరు వాసి

మా బంధువుల పిల్లవాడికి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే ఆటిజం పోతుందని ఒకచోట ఆరు లక్షలు అడిగారు. పొలం అమ్మి కట్టాలని చూస్తున్నారు. ఎవరికైనా తెలుసా?

భవిత టీచర్, పొదిలి వైపు

గూడూరు వాసి గారూ, పొలం అమ్మనివ్వకండి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స చేయడం సరికాదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే తేల్చింది. ఈ రోజే వాళ్ళకి ఫోన్ చేయండి.

కావలి అమ్మగారూ, నేను భవిత కేంద్రంలో పనిచేస్తాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద మండలాల్లో నడిచే కేంద్రాలు ఇవి. మమ్మల్ని ఐఈఆర్‌టీలు అంటారు. కేంద్రంలో చెప్పడం ఒక్కటే కాదు, మామూలు బడికి వచ్చి అక్కడి టీచరుతో మాట్లాడటం కూడా మా పనే. మీ మండల విద్యావనరుల కేంద్రంలో అడిగితే మీ ఐఈఆర్‌టీ ఎవరో చెబుతారు. మీరు ఒంటరిగా హెడ్‌మాస్టరు ముందు నిలబడకండి, వాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళండి.

ఇక గంట సంగతి. మనకు ఫ్యాను చప్పుడు, పక్క తరగతి ఎక్కాలు, రోడ్డు మీద హారన్ అన్నీ వినపడుతున్నా మెదడు వాటిని వెనక్కి నెట్టేస్తుంది. కొందరు పిల్లల్లో ఆ నెట్టడం సరిగా జరగదు. అన్నీ ఒకేలా గట్టిగా మీదపడతాయి. వాటి మీద ఆ ఇనప మోత! వాడు పారిపోవడం అల్లరి కాదు, నొప్పి నుంచి తప్పుకోవడం. ఇంద్రియాల విషయంలో ఈ తేడాను ఆటిజం లక్షణాల జాబితాలో 2013 నుంచి డాక్టర్లు లెక్కలోకి తీసుకుంటున్నారు. అయితే శబ్దం పడని ప్రతి పిల్లవాడికీ ఆటిజం ఉన్నట్టు కాదు, అది గుర్తుపెట్టుకోండి.

మా దగ్గర ఒక పాపకు ఇలాగే ఉండేది. మేం చేసింది చెబుతాను. గంట కొట్టే ఆయన కొట్టే ముందు తరగతి గుమ్మం దగ్గరకొచ్చి చెయ్యి చూపించేవాడు. పాప వెంటనే చెవులు మూసుకునేది. ఎప్పుడు వస్తుందో తెలియని మోత వేరు, వస్తుందని తెలిసిన మోత వేరు. మిల్లుల్లో పనిచేసేవాళ్ళు చెవులకు పెట్టుకునేవి ఉంటాయి, పిల్లల సైజువి కూడా దొరుకుతాయి, అవి ఒకటి టీచరు బల్లలో ఉంచాం. రోజంతా పెట్టొద్దు, గంటప్పుడు, అన్నాల దగ్గర గోలప్పుడు చాలు. ఆ పాపకు పారిపోవాలనిపిస్తే పోవడానికి ఒక చోటు కూడా ఇచ్చాం. గేటు కాదు, ఆఫీసు గది పక్కన చాప. "చాప" అంటే చాలు, వెళ్ళి కూర్చునేది. గేటుకు గొళ్ళెం మాత్రం రేపే పెట్టించండి, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

కాలరు నమిలే పిల్లలకు నోటికి పని కావాలి. బడికి పోయేముందు, విరామంలో గట్టిగా నమిలేవి ఇవ్వండి. చెరుకు ముక్క, పచ్చి క్యారెట్, కొబ్బరి ముక్క, దగ్గర కూర్చుని తినిపించండి. ఒంటికి బరువు పని కూడా కొందరికి నెమ్మది ఇస్తుంది. నోటుపుస్తకాల కట్ట స్టాఫ్‌రూముకు మోయించడం, బెంచీ జరపడం, ఇంట్లో నీళ్ళ బిందె ఈడ్చడం. ఇది మందు కాదు, ఒక్కో పిల్లవాడికి ఒక్కోలా పనిచేస్తుంది. బ్రష్‌తో ఒళ్ళు రుద్దితే మొత్తం తగ్గిపోతుందని డబ్బు గుంజేవాళ్ళు ఉన్నారు, అటు పోకండి.

ఒక వారం రోజులు చిన్న పుస్తకంలో రాయండి. ఏం జరగబోయే ముందు పరిగెత్తాడు, ఎంతసేపటికి తేరుకున్నాడు, అంతకుముందు రాత్రి ఎంతసేపు నిద్రపోయాడు. మీరు డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆ నాలుగు పేజీలు చాలా పనికొస్తాయి.

వినికిడి పరీక్ష ఎప్పుడైనా చేయించారా? మాటలు ఆలస్యమైన ప్రతి బిడ్డకీ అది మొదట జరగాలి. బళ్ళకూ అంగన్‌వాడీలకూ వచ్చే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందానికి చూపిస్తే వాళ్ళు జిల్లా స్థాయి కేంద్రానికి రాసిస్తారు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా ఉచితం. మీకు ఇంకా దగ్గరి దారి నెల్లూరులోని సీఆర్‌సీ. వికలాంగుల కోసం సికింద్రాబాద్‌లోని నీపిడ్ సంస్థ కింద నడిచే కేంద్ర ప్రభుత్వ కేంద్రం అది.

ఒంగోలు అమ్మమ్మ

ఈ పిల్ల వాళ్ళ అత్తగారి తరపున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా, అందుకని రాస్తున్నాను.

నా మనవడికి పుట్టెంట్రుకలు మాలకొండలో తీయించాం. అక్కడ శనివారం ఒక్కరోజే గుడి తెరుస్తారు, జనం ఎంత ఉంటారో వెళ్ళినవాళ్ళకి తెలుసు. మూడేళ్ళవాడు. తల మీద నీళ్ళు చల్లగానే మొదలుపెట్టిన అరుపు క్షురకుడు కత్తి పక్కన పెట్టేసేదాకా ఆపలేదు. నలుగురం పట్టుకున్నాం. మొక్కు తీరాలి కదా అని పట్టుకోమన్నది నేనే. వాడి కాళ్ళు నా చేతుల్లో ఉన్నాయి. ఎంత బిగుసుకుపోయాయో ఇప్పటికీ ఈ చేతులకు తెలుస్తుంది. తర్వాత ఎన్నో నెలలు వాడు నా ఒళ్ళోకి రాలేదు.

ఆటిజం అని తెలిశాక నా కూతురు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఇప్పుడు వాడి జుట్టు నేనే తీస్తాను. రాత్రి వాడు నిద్రపోయాక చిన్న కత్తెరతో నాలుగు వెంట్రుకలు, రేపు ఇంకో నాలుగు. ఒక తల పూర్తవడానికి పది రోజులు పడుతుంది.

అమ్మాయ్, మీ అత్తగారికి డాక్టర్ల మాటలు చెప్పి ఒప్పించాలని చూడొద్దు. ఆమెకు ఒక పని అప్పజెప్పు. మిక్సీ వేసేముందు "కన్నా, వేస్తున్నా" అని చెప్పి, వాడు పెరట్లోకి వెళ్ళాకే వేసే పని. రోట్లో నూరగలిగినవి నూరమను. వారం రోజులు చేస్తే వాడు ఎందుకు పరిగెడుతున్నాడో ఆమెకే అర్థమవుతుంది. పెద్దవాళ్ళకి చెబితే ఎక్కదు, మా చేతుల్లోంచి ఎక్కాలి.

బుచ్చి తల్లి

అందరూ పిల్లల్ని చూపించండి, వైకల్యం సర్టిఫికెట్ తీసుకోండి అంటారు. నా మాట వేరు. నాకు తొమ్మిదేళ్ళ ఆడపిల్ల. అల్లరి చేయదు, పరిగెత్తదు, అందుకే ఎవరి కంటా పడలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. లెక్క సగంలో ఆపేస్తుంది. "నెమ్మదస్తురాలు" అని మూడేళ్ళు ప్రోగ్రెస్ కార్డులో రాశారు. ఏడీహెచ్‌డీలో పరధ్యానం ఎక్కువ ఉండే రకం అని ఈ మధ్యే చెప్పారు. మా బుచ్చిరెడ్డిపాళెంలో ఈ మాట బయటికి పొక్కితే రేపు దాని పెళ్ళికి ఎవరొస్తారు? ఆ సర్టిఫికెట్ కోసం పరీక్ష చేసే సదరం క్యాంపు దరిదాపులకు కూడా నేను పోను.

పెన్నా ఒడ్డు

బుచ్చి అక్కా, మీ భయం అర్థమవుతుంది. మీ విషయంలో అసలు ఆ ప్రశ్నే రాదు. ఒక్క ఏడీహెచ్‌డీ మాత్రమే ఉంటే ఆ 21 రకాల్లో అది లేదు. చదవడంలో, రాయడంలో, లెక్కల్లో ప్రత్యేకమైన ఇబ్బంది కూడా ఉందని తేలితే అది జాబితాలో ఉంది. అప్పుడు పదో తరగతిలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి సదుపాయాలకు ఆ కాగితం అడుగుతారు. అప్పటికి మీరే ఆలోచించుకోవచ్చు.

కానీ మీరన్న మాటతో నేను ఒప్పుకోను. నేను కూడా మావాడికి పదమూడేళ్ళు వచ్చేదాకా సర్టిఫికెట్ తీయలేదు, మా ఆడపడుచు పెళ్ళి అయ్యేదాకా ఆగమన్నారు. అన్నాళ్ళూ దాచాం. పండక్కి అందరూ వస్తే వాడిని మేడ మీద గదిలో ఉంచేవాళ్ళం. సర్టిఫికెట్ లేక పోయినవి చిన్నవేం కావు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉండి మిగతా అర్హతలు సరిపోతే పింఛను ఇప్పుడు నెలకు 6,000. నిరామయ అనే ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కట్టేవాళ్ళకి, వైకల్యం ఉన్న పిల్లల్ని పోషిస్తున్నందుకు ఆదాయంలో 75,000 మినహాయింపు, తీవ్రత 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000. అయినా నాకు గుర్తొచ్చేది డబ్బు కాదు, మేడ మీది ఆ గది. మీ పాప ఇప్పటికే కిటికీలోంచి చూస్తోంది అక్కా.

బుచ్చి తల్లి

మీరు చెప్పింది నిజమే కావచ్చు. నా భయం మాత్రం పోలేదు. క్లాస్ టీచరు ఒక్కరికైనా చెబుతాను. ముందు బెంచీలో కూర్చోబెట్టమని, లెక్క మొత్తం ఒకేసారి కాకుండా సగం సగం ఇవ్వమని అడుగుతాను. అంతవరకే.

కనిగిరి నాన్న

అది చాలా పెద్ద మెట్టు బుచ్చి తల్లి గారూ. మా వాడి విషయంలో కూడా అన్నిటికంటే ముందు పనిచేసింది ఆ సగం సగమే.

ఉదయగిరి కుర్రాడు

నేను పేరెంట్‌ని కాదు. నాకు 24. నెల్లూరులో ఫోన్లు రిపేరు చేస్తాను. చిన్నప్పుడు నన్నూ తిక్కోడు అనేవాళ్ళు. ఏడీహెచ్‌డీ అని నాకు 22 ఏళ్ళప్పుడు తెలిసింది. లోపల ఎలా ఉంటుందో పిల్లలు చెప్పలేరు కాబట్టి నేను చెబుతాను.

ట్యూబులైటుకు ఒక చప్పుడు ఉంటుంది. మీరు విని ఉండరు. నాకు సారు గొంతు, ఆ ట్యూబులైటు, వెనక బెంచీలో పెన్ను టిక్కు టిక్కు, మూడూ సమానంగా వినపడేవి. యూనిఫాం మెడ వెనక లేబుల్ రోజంతా గుచ్చేది. అమ్మకు చెబితే "అందరూ వేసుకోవడం లేదా" అనేది. ఎనిమిదో తరగతిలో ఒకరోజు బ్లేడుతో నేనే కోసేశాను, చొక్కా చినిగింది, దెబ్బలు పడ్డాయి. కానీ ఆ రోజు మధ్యాహ్నం మొదటిసారి పాఠం అర్థమైంది. పిల్లల చొక్కాల లేబుళ్ళు ఈ రాత్రే కుట్టు విప్పి తీసేయండి. కత్తిరిస్తే మొదలు మిగిలిపోయి ఇంకా ఎక్కువ గుచ్చుతుంది.

మా సోషల్ సారు ఒక్కరే నన్ను కొట్టలేదు. పాఠం మధ్యలో "పోయి కుండలో నీళ్ళు ఉన్నాయో లేదో చూసిరా" అనేవారు. పీరియడ్‌లో రెండుసార్లు. కుండలో నీళ్ళు ఉంటాయని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. సోషల్‌లో మాత్రమే నాకు మంచి మార్కులు వచ్చాయి.

కావలి అక్కా, మీ వాడు ఆ రాత్రి ప్లాట్‌ఫారం నంబరు అంటూ పడుకున్నాడన్నారు కదా. అది మిమ్మల్ని పట్టించుకోకపోవడం కాదు. వాడికి తెలిసిన గట్టి సంగతి అదొక్కటే, దాన్ని పట్టుకున్నాడు. మర్నాడు మీరూ రైళ్ళ గురించి ఒక మాట అడిగి చూడండి.

కావలి అమ్మ

తమ్ముడూ, నీ పోస్టు చదివి ఆ రాత్రే లేబుళ్ళన్నీ విప్పేశాను. మొత్తం పదకొండు చొక్కాలు. పక్కన కూర్చుని "కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎన్నో ప్లాట్‌ఫారం?" అని అడిగాను. వాడు నా మొహం వైపు చూశాడు. చాలా రోజుల తర్వాత చూశాడు.

మిగతాది కుదురుగా రాస్తాను, ఐఈఆర్‌టీ మేడమ్ ఫోన్ నంబరు దొరికింది.

కావలి అమ్మ (మూడు వారాల తర్వాత)

ఆలస్యమైనందుకు ఏమనుకోవద్దు. మేడమ్ బడికి వచ్చారు. హెడ్‌మాస్టరు గారు మొదట ఒప్పుకోలేదు, మేడమ్ చట్టం సంగతి చెప్పాక కాదు, నేను రాసిన పుస్తకం చూశాక మెత్తబడ్డారు. ఏడు రోజుల్లో తొమ్మిదిసార్లు పరిగెత్తాడు, తొమ్మిదిసార్లూ గంటప్పుడో అన్నాల గోలప్పుడో. మిగతా సమయాల్లో ఒక్కసారి కూడా లేదు. "ఇది నేను గమనించలేదమ్మా" అన్నారాయన.

గేటుకు గొళ్ళెం పెట్టారు. గంట కొట్టే అన్న ఇప్పుడు ముందు మా వాడి కిటికీ దగ్గరకొచ్చి వేలు ఎత్తి చూపించి వెళ్తాడు. ఈ వారం రెండుసార్లు మాత్రమే లేచాడు, అదీ చాప దాకానే. కాలరు ఇంకా నములుతున్నాడు, క్యారెట్ ముట్టుకోలేదు, చెరుకు తింటున్నాడు. అన్నాల దగ్గర మాత్రం ఏ మార్పూ లేదు, విడిగా వరండాలో కూర్చోబెడుతున్నారు. వాడు ఒక్కడే కూర్చోవడం చూస్తే కడుపులో దేవినట్టు ఉంటుంది. మేడమ్ ఇంకొక పిల్లవాడిని తోడు కూర్చోబెడదామన్నారు.

అత్తయ్య మిక్సీ వేసేముందు చెబుతోంది. అమ్మమ్మ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. చేపల పులుసు ఇప్పుడు పెరట్లో కట్టెల పొయ్యి మీద చేస్తోంది, నేను అడగలేదు.

వినికిడి బాగుంది. నెల్లూరులో చూసినవాళ్ళు ఆటిజం అన్నారు. మా ఆయన చెరువు దగ్గర నుంచి ఆ రోజు వచ్చారు, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి వాడిని బండి ఎక్కించుకుని స్టేషన్‌కి తీసుకెళ్ళి రెండు గంటలు రైళ్ళు చూపించుకొచ్చారు.

సచివాలయంలో సదరం స్లాట్ బుక్ చేశాం, వచ్చే గురువారం. ఏమేం తీసుకెళ్ళాలి? లైన్లో వాడు నిలబడగలడా అని ఒకటే టెన్షన్.

పెన్నా ఒడ్డు

ఆధార్ కార్డులు, ఫోటోలు, స్లాట్ కాగితం, నెల్లూరులో ఇచ్చిన రిపోర్టులు, వినికిడి పరీక్ష కాగితం, అన్నిటికీ రెండేసి జిరాక్సులు. మీ పుస్తకం కూడా పెట్టుకోండి. వాడికి చెవులకు పెట్టుకునేవి, నీళ్ళు, చెరుకు ముక్కలు, పాత చొక్కా ఒకటి. లైన్లో మీరు నిలబడండి, వాడిని మీ ఆయన బయట చెట్టుకింద ఉంచుకుని పిలిచినప్పుడు తీసుకురావాలి. నేను నెల్లూరులోనే ఉంటాను కదమ్మా, గురువారం పొద్దున్నే అక్కడికి వస్తాను. ఆకుపచ్చ చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంటాను.